ప్రాంతీయ సాహిత్యం: అనంతపురం సీమ, స్కాట్లాండ్

పాఠ్యభాగం – 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ప్రాంతీయ సాహిత్యం అంటే ఏమిటి?
7.3 పేరు: దత్తమండలాల నుంచి రాయలసీమకు
7.4 పూర్వ రచయితలు
7.5 పెన్నేటి పాట
7.6 కథ, నవల
7.7 భాష: తప్పా, వేరా?
7.8 ఒకే బొమ్మతో వచ్చే చిక్కు
7.9 రచయితల సమాజం
7.10 సారాంశం
7.11 ముఖ్య పదాలు
7.12 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ప్రాంతీయ సాహిత్యాన్ని నిర్వచించగలుగుతారు.
• అనంతపురం ప్రాంతపు ముఖ్య రచయితలను, వారి రచనలను వివరించగలుగుతారు.
• స్కాట్లాండ్ సాహిత్యంతో ఈ ప్రాంత సాహిత్యాన్ని పోల్చి, పోలికలతోపాటు తేడాలు కూడా చెప్పగలుగుతారు.
• మీ ఊరి మాటకు సాహిత్యంలో ఉన్న స్థానాన్ని గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

తెలుగు సాహిత్య చరిత్రను మీరు ఇంతవరకు యుగాల వారీగా చదివారు. నన్నయ యుగం, శ్రీనాథ యుగం, ప్రబంధ యుగం, ఆధునిక యుగం అనే విభజన కాలాన్ని బట్టి చేసినది. ఒక రచన ఎప్పుడు పుట్టిందో అది చెబుతుంది. ఆ రచయిత ఎక్కడ నిలబడి లోకాన్ని చూశాడో చెప్పదు. ఈ భాగంలో మనం ఆ రెండో ప్రశ్న వేసుకుంటాం.

దీనికి ఉదాహరణగా అనంతపురం పీఠభూమిని తీసుకుందాం. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. 2022లో ఆ జిల్లా రెండయింది. పుట్టపర్తి కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. హిందూపురం, పెనుకొండ, కదిరి, ధర్మవరం దానిలోకి వెళ్ళాయి. పాలనలో గీతలు మారినా సాహిత్యం దృష్టిలో ఇదంతా ఒకే నేల. అందుకే ఇక్కడ 'అనంతపురం సీమ' అనే మాటను పాత ఉమ్మడి జిల్లా అర్థంలో వాడుతున్నాం.

పోలిక కోసం స్కాట్లాండ్‌ను ఎందుకు తీసుకున్నాం? ఇంగ్లీషు అనే పెద్ద భాష నీడలో ఉంటూనే తనకంటూ ఒక సాహిత్యం ఉందని నిలబెట్టుకున్న ప్రాంతం అది. పైగా ఆ దేశంతో ఈ జిల్లాకు పాత పరిచయం ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక, అనంతపురం కేంద్రంగా 1807 వరకు దీన్ని పాలించిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. ఊరూరి చరిత్రలను కైఫీయతులుగా రాయించి సేకరించిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్ వాయవ్య తీరపు దీవుల్లోని స్టోర్నొవే పట్టణంవాడు. ఆ కైఫీయతులను స్థానిక కరణాల నుంచి రాబట్టిన కావలి సోదరులవంటి తెలుగువారి శ్రమ దాని వెనక ఉంది. దానివల్లనే ఆనాటి వాడుక తెలుగు వచనం మనకు పెద్ద మొత్తంలో దక్కింది.

7.2 ప్రాంతీయ సాహిత్యం అంటే ఏమిటి?

ఒక ప్రాంతంలో పుట్టినవాళ్ళు రాసినదంతా ప్రాంతీయ సాహిత్యం కాదు. ఆ ఊరివాడు రాజుల మీద ప్రబంధం రాస్తే అది తెలుగు సాహిత్యమే అవుతుంది గాని, అందులో ఆ ప్రాంతం కనిపించకపోవచ్చు. అలాగే ఎక్కడివాళ్ళో వచ్చి కరువును చూసి జాలిపడి రాసినదంతా ప్రాంతీయ సాహిత్యం కాదు. ఈ భాగంలో మనం మూడు లక్షణాలను గుర్తుగా పెట్టుకుందాం.

1. పేరు: ఆ ప్రాంతం తనను తాను ఒక ప్రాంతంగా గుర్తించి, తన పేరు తాను పెట్టుకోవడం.
2. మాట: ఆ ప్రజల నుడికారం రచనలో గౌరవంగా నిలవడం.
3. సమాజం: రచయితలు, పాఠకులు, పత్రికలు, సభలు ఆ నేల మీదే ఉండి ఒకరినొకరు నిలబెట్టుకోవడం.

స్కాట్లాండ్ చరిత్రలో ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడ రాబర్ట్ బర్న్స్ అనే కౌలురైతు కొడుకు 1786లో కిల్మార్నక్ పట్టణంలో తన మొదటి కవితా సంపుటిని అచ్చు వేయించుకున్నాడు. అందులోని కవితలు ముఖ్యంగా స్కాట్లాండ్ మాండలికంలో ఉన్నాయని పుస్తకం పేరులోనే చెప్పాడు. సంస్కారవంతులు లండన్ ఇంగ్లీషులోనే రాయాలని ఎడింబరో పెద్దలు అనుకుంటున్న రోజులవి. ఆ రోజుల్లో మాండలికాన్ని దాచిపెట్టకుండా అట్ట మీదికి తెచ్చాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. 7.7లో మళ్ళీ అవసరమవుతుంది.

7.3 పేరు: దత్తమండలాల నుంచి రాయలసీమకు

నిజాం ఇచ్చివేసిన జిల్లాలు కాబట్టి కంపెనీ పాలకులు వీటిని దత్తమండలాలు అన్నారు. 'దత్తం' అంటే ఇచ్చినది. ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకున్నవాడు ఒకడు. ఇక్కడి ప్రజల ప్రమేయం ఆ పేరులో ఎక్కడా లేదు. నూటికి పైగా ఏళ్ళు ఆ పేరే నడిచింది.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అనే పేరును ప్రతిపాదించారు. ఆయన అనంతపురం ప్రభుత్వ కళాశాలలో తెలుగు అధ్యాపకుడు. పుట్టింది ఉత్తరాంధ్రలో. బతుకు గడిపింది అనంతపురంలో. వేరొకరు అంటగట్టిన పేరును ఒక భాషా పండితుడు మార్చాడన్న విషయాన్ని సాహిత్య విద్యార్థి గమనించాలి. ఆ పేరుతోనే తరవాత 'సీమ కథ', 'సీమ కవిత' అనే మాటలు సాధ్యమయ్యాయి.

దాదాపు అదే కాలంలో స్కాట్లాండ్‌లోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. హ్యూ మక్‌డెర్మిడ్ అనే కలంపేరుతో రాసిన కవి 1926లో ఒక దీర్ఘ కవితను వెలువరించాడు. పాత నిఘంటువుల నుంచి, వేరువేరు పల్లెల మాండలికాల నుంచి పదాలను ఏరి తెచ్చి, ఆధునిక భావాలు చెప్పడానికి వాటిని వాడాడు. స్కాట్స్ అంటే తాతల కాలపు హాస్యానికి పనికివచ్చే భాష అనే అభిప్రాయాన్ని ఆ కవిత దెబ్బతీసింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
(అ) 'దత్తమండలాలు' అనే పేరు ఎలా వచ్చింది? దాన్ని ఎందుకు మార్చవలసి వచ్చిందని మీరు అనుకుంటున్నారు?
(ఆ) ప్రాంతీయ సాహిత్యానికి చెప్పుకున్న మూడు లక్షణాలు ఏవి?

7.4 పూర్వ రచయితలు

వేమన: కదిరికి దగ్గరలోని కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. ఆయన కాలం, పుట్టిన ఊరు గురించి పండితుల్లో వాదాలున్నా, ఈ నేలతో ఆయనకున్న సంబంధాన్ని కటారుపల్లె నిలబెడుతూనే ఉంది. ఆటవెలదిలో, ఇంటి సామాన్ల పోలికలతో, కులం గొప్పలను, దొంగ భక్తిని ఎండగట్టిన కవి ఆయన. 1829లో సి.పి. బ్రౌన్ ఆయన పద్యాలను అచ్చు వేయించాడు. అయినా పండితులు చాలాకాలం ఆయనను కవిగా ఒప్పుకోలేదు. ఆ లోటు తీర్చినవారిలో ముఖ్యుడు ఈ జిల్లావాడే. రాళ్ళపల్లి గ్రామంలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) తన 'వేమన' గ్రంథంలో ఆయనను కవిగా నిలబెట్టి చూపారు. వేమన పద్యం జనం నోట బతికింది. పండితుల తూకంలో దానికి చోటు దక్కడానికి ఒక విమర్శకుడు కావలసి వచ్చింది. కవి ఉన్నంత మాత్రాన సాహిత్య సంప్రదాయం ఏర్పడదు, విమర్శకుడూ ఉండాలి అనడానికి ఇది మంచి ఉదాహరణ.

ముసలమ్మ కథ: అనంతపురం పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే కోడలు ప్రాణాలిచ్చిందని స్థానిక గాథ. అనంతపురం చరిత్రగా బ్రౌన్ సేకరించిన కథల్లో ఇది ఉంది. చిత్తూరు జిల్లాకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడు దీన్నే తీసుకొని 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు. తెలుగులో ఆధునిక కవిత్వానికి తొలి అడుగుల్లో ఒకటిగా విమర్శకులు దీన్ని లెక్కిస్తారు. పురాణ నాయికలను వదిలి ఒక పల్లె రైతు ఇంటి కోడలు కావ్యనాయిక కావడం ఇందులో కొత్తదనం. నీళ్ళ కోసం చెరువు, చెరువు కోసం మనిషి ప్రాణం అన్న లెక్క కరువు నేలలోనే పుట్టగలదు.

పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990): ఇంటిపేరులోనే పుట్టపర్తిని మోసిన కవి. అనంతపురం దగ్గరి చియ్యేడులో పుట్టి, పెనుకొండలో పెరిగారు. విజయనగరం పతనమయ్యాక రాయలవారి వారసులకు రాజధాని అయిన ఊరు పెనుకొండ. శిథిలమైన కోటను, గుళ్ళను చూస్తూ పెరిగిన ఆ పిల్లవాడు చిన్న వయసులోనే 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారు. తరవాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ పుస్తకమే ఆయనకు పాఠ్యగ్రంథంగా వచ్చింది. ప్రొద్దుటూరులో రాసిన 'శివతాండవం' ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. 1972లో పద్మశ్రీ వచ్చింది.

'పెనుగొండ లక్ష్మి'ని చదివేటప్పుడు స్కాట్లాండ్ రచయిత వాల్టర్ స్కాట్ గుర్తుకు వస్తాడు. 1814లో వచ్చిన 'వేవర్లీ'తో మొదలుపెట్టి అతడు తన దేశపు పాత యుద్ధాలను, ఓడిపోయినవారి వైభవాన్ని నవలలుగా రాశాడు. 1707లో స్కాట్లాండ్ పార్లమెంటు ఇంగ్లండ్ పార్లమెంటుతో కలిసిపోయింది. రాజ్యం పోయినచోట జ్ఞాపకం సాహిత్యమవుతుంది. ప్రాంతీయ సాహిత్యంలో ఇది తరచు మొదటి మెట్టు. దానిలో ఒక లోపం కూడా ఉంది. పోయిన వైభవాన్ని తలచుకునే కవికి ఎదురుగా ఉన్న ఆకలి కనిపించకపోవచ్చు.

నాటకం: ఒకప్పుడు అనంతపురంతో ఒకే జిల్లాగా ఉన్న బళ్ళారి తెలుగు నాటకానికి పెద్ద కేంద్రం. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) అక్కడే నాటకాలు రాసి ఆడించి 'ఆంధ్ర నాటక పితామహుడు' అనిపించుకున్నారు. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ (1880–1946) గొప్ప నటుడిగా పేరు తెచ్చుకున్నారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలవడంతో ఈ ప్రాంతానికి ఒక పెద్ద సాంస్కృతిక కేంద్రం దూరమయింది.

7.5 పెన్నేటి పాట

తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం (1915–1987) సంస్కృత పండితుడు. కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసినవాడు. తరవాత పత్రికా సంపాదకుడు. తరిమెల నాగిరెడ్డితో కలిసి అనంతపురంలో నవ్యసాహిత్యమాల పేరిట పుస్తకాలు ప్రచురించాడు. 1956లో అచ్చయిన ఆయన 'పెన్నేటి పాట' పద్యమూ గేయమూ కలగలిసిన దీర్ఘ కావ్యం. రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల బతుకు అందులోని కథ.

పెన్న నది కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి హిందూపురం వైపు నుంచి ఈ నేలలోకి వస్తుంది. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతి దానికి ఉపనది. పేరుకు నదులే గాని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపిస్తుంది. నది అనగానే నిండుగా పారే గోదావరిని వర్ణించడం తెలుగు కవులకు అలవాటు. నీళ్ళు లేని నదిని కావ్యవస్తువు చేయడం విశ్వం చేసిన పని. రాజులకు బదులు కూలి మనిషిని, కోటకు బదులు ఖాళీ కుండను ఆయన చూశాడు. 'పెనుగొండ లక్ష్మి' నుంచి 'పెన్నేటి పాట'కు రావడమంటే, నిన్నటి వైభవం నుంచి నేటి ఆకలికి రావడం.

స్కాట్లాండ్‌లో ఇదే మలుపును లూయిస్ గ్రాసిక్ గిబ్బన్ 1932 నాటి నవల 'సన్‌సెట్ సాంగ్'లో చూడవచ్చు. ఈశాన్య స్కాట్లాండ్‌లో చిన్న కమతాల రైతుల జీవితం అది. నాయిక క్రిస్ గత్రీలో ఇద్దరు మనుషులున్నారు. బడిలో నేర్చిన ఇంగ్లీషును, చదువును ప్రేమించే మనిషి ఒకరు. ఇంటి మాటను, మట్టిని వదలలేని మనిషి ఒకరు. పల్లె నుంచి వచ్చి డిగ్రీ చదువుతున్న ప్రతి విద్యార్థికీ ఆ పెనుగులాట తెలిసినదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
(అ) 'పెనుగొండ లక్ష్మి', 'పెన్నేటి పాట' కావ్యాల వస్తువులో ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
(ఆ) వేమన సాహిత్య స్థానానికి రాళ్ళపల్లి వారి కృషి ఎలా తోడ్పడింది?

7.6 కథ, నవల

సీమ కథకు రూపమిచ్చిన తొలితరం వారిలో గుత్తి రామకృష్ణ ఒకరు. ఆయన 'చిరంజీవి' కథ కరువు నేపథ్యంలో వచ్చినది. తరవాత తరానికి పెద్దదిక్కు సింగమనేని నారాయణ (1943–2021). అనంతపురం దగ్గరి బండమీదపల్లెలో పుట్టి, తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేశారు. 'జూదం', 'అడుసు', 'ఊబి' ఆయన పేరుపొందిన కథలు.

'జూదం' అనే పేరు వెనక ఈ నేల వ్యవసాయం మొత్తం ఉంది. అది అర్థం కావాలంటే వేరుశనగ సాగు తెలియాలి. తొలకరి వానకు ఎర్రనేల పదునెక్కగానే అప్పు తెచ్చి విత్తనం వేస్తారు. మొలక వస్తుంది, పూత వస్తుంది. ఊడలు దిగి కాయ ఊరే సమయానికి వాన మొగం చాటేస్తే పైకి పచ్చగా కనిపించే చేను కింద కాయ ఉండదు. పెట్టుబడి రైతుది, పందెం వానది. ఒక ఏడు గెలిస్తే ఆ ఆశతో మరి నాలుగేళ్ళు ఆడతాడు. వ్యవసాయాన్ని జూదంగా చూడడం కవిసమయం కాదు. రైతు అనుభవంలోని లెక్కే అది.

సింగమనేని చేసిన మరో పెద్ద పని, 1992లో విశాలాంధ్ర ప్రచురించిన 'సీమ కథలు' సంకలనానికి సంపాదకత్వం. వేరువేరు పత్రికల్లో చెదిరి ఉన్న కథలను ఒకచోట చేర్చినప్పుడే ఇక్కడ ఒక కథా సంప్రదాయం ఉందని పాఠకులకు తెలిసింది. సంకలనం అంటే పుస్తకాల కట్ట కాదు, ఒక వాదన అని గుర్తించండి.

బండి నారాయణస్వామి అనంతపురం జీవితాన్ని నవలలోకి తెచ్చినవారిలో ప్రముఖులు. 'గద్దలాడతండాయి', 'మీ రాజ్యం మీరేలండి', 'రెండు కలల దేశం' ఆయన నవలలు. 'శప్తభూమి' 18వ శతాబ్దంలో హండె పాలకుల కాలపు అనంతపురం కథ. దీనికి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఇది చారిత్రక నవలే గాని వాల్టర్ స్కాట్ తరహా కాదు. రాజుల వీరత్వం కంటే ఆ రాజ్యాల కింద నలిగిన కింది కులాలు, స్త్రీలు ఇందులో ముఖ్యం. మొదటి మెట్టులోని జ్ఞాపకాన్ని, రెండో మెట్టులోని ఆకలిని ఈ నవల ఒకచోట కలిపింది.

చిలుకూరి దేవపుత్ర 'పంచమం' నవల దళిత జీవితాన్ని లోపలి నుంచి చూపింది. కరువు అందరికీ ఒకేలా ఉండదు, భూమి లేనివాడి కరువు వేరు అన్న సంగతి ఇలాంటి రచనలు వచ్చాకనే సీమ సాహిత్యంలో గట్టిగా వినిపించింది. ధర్మవరం పట్టుచీరల వెనక ఉన్న నేతగాళ్ళ గురించి రాధేయ 'మగ్గం బతుకు' దీర్ఘకవిత రాశారు. ధర్మవరం ప్రాంతానికే చెందిన తిరుమల రామచంద్ర (1913–1997) ఆత్మకథ 'హంపీ నుంచి హరప్పా దాక'లో ఈ నేల నుంచి బయలుదేరిన ఒక పండితుడి ప్రయాణం కనిపిస్తుంది.

7.7 భాష: తప్పా, వేరా?

ఈ భాగంలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన విభాగం ఇది.

'గద్దలాడతండాయి' అనే నవల పేరును చూడండి. పాఠ్యపుస్తకాల తెలుగులో 'ఆడుతున్నాయి' అంటాం. అనంతపురంలో 'ఆడతండాయి' అంటారు. అలాగే 'చేస్తున్నాడు' అనేదాన్ని 'చేస్తాండాడు' అంటారు. ఇది తప్పు మాట అని చాలామంది అనుకుంటారు. వ్యాకరణం ఏమంటుందో చూద్దాం.

'చేస్తు + ఉన్నాడు' కలిసి 'చేస్తున్నాడు' అయింది.
'చేస్తా + ఉండాడు' కలిసి 'చేస్తాండాడు' అయింది.

రెండింటిలోనూ ఉన్నది 'ఉండు' ధాతువే. రెండూ ఒకే పద్ధతిలో ఏర్పడ్డాయి. మొదటిదానిలో 'ఉన్న' అనే రూపం, రెండోదానిలో 'ఉండ' అనే రూపం నిలిచాయి. ధాతువు రూపం సీమ మాటలోనే ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. మరి ఒకటి ఒప్పు, ఒకటి తప్పు ఎలా అయ్యాయి? గ్రాంథికానికి వ్యతిరేకంగా వ్యావహారిక భాషోద్యమం గెలిచినప్పుడు, పత్రికలు, పుస్తకాలు ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవారి వాడుకను ప్రమాణంగా తీసుకున్నాయి. అచ్చుయంత్రాలు, పత్రికలు, కళాశాలలు అక్కడ ముందు పెరగడం దీనికి కారణం. కాబట్టి ప్రమాణభాష అనేది చరిత్ర చేసిన ఎంపిక. వ్యాకరణం ఇచ్చిన తీర్పు కాదు.

పదజాలం సంగతి కూడా ఇంతే. 'పదును' అంటే విత్తడానికి చాలినంత తడి నేలలో ఉండడం. 'సుగ్గి' అంటే పంట కోతల కాలం. 'సుగ్గికి పోవడం' అంటే పనికోసం పరాయి ఊళ్ళకు కూలికి వెళ్ళడం. ఈ మాటలను ప్రమాణభాషలో చెప్పాలంటే ఒక వాక్యం కావాలి. పక్కనే ఉన్న కన్నడం నుంచి వచ్చిన మాటలూ ఈ వాడుకలో కలిసిపోయాయి. శాంతి నారాయణ 'నాగలకట్ట సుద్దులు' వంటి రచనల్లోనూ, హిందూపురం ప్రాంతపు సడ్లపల్లె చిదంబరరెడ్డి కథల్లోనూ ఈ వాడుకను నిండుగా చూడవచ్చు.

బర్న్స్ కాలం నుంచి స్కాట్లాండ్ రచయితలు చేస్తున్న వాదమూ ఇదే. 1994లో జేమ్స్ కెల్మన్ గ్లాస్గో కార్మికుల మాటలో రాసిన నవలకు బుకర్ బహుమతి వచ్చినప్పుడు, న్యాయనిర్ణేతల్లో ఒకరు బాహాటంగా వ్యతిరేకించారు. రెండు వందల ఏళ్ళ తరవాత కూడా ఆ గొడవ తీరలేదన్నమాట. 2020లో అదే గ్లాస్గో పేదవాడల కథ చెప్పిన డగ్లస్ స్టూవర్ట్ నవల 'షగీ బెయిన్'కు బుకర్ వచ్చింది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. స్కాట్స్‌ను చాలామంది ప్రత్యేక భాషగానే లెక్కిస్తారు. అక్కడ గేలిక్ అనే మరో ప్రాచీన భాష కూడా ఉంది. స్కాట్లాండ్ ఒకప్పుడు వేరు రాజ్యం. దాని న్యాయ వ్యవస్థ ఇప్పటికీ వేరు. రాయలసీమ మాట తెలుగే. అది వేరే భాష అనే వాదన ఇక్కడ ఎవరిదీ కాదు. తెలుగు అంటే ఒక్క జిల్లా మాటే కాదన్నదే ఇక్కడి వాదన. పోలికను తేడాలతో సహా రాసిన జవాబే మంచి జవాబు.

7.8 ఒకే బొమ్మతో వచ్చే చిక్కు

ప్రాంతీయ సాహిత్యానికి బయటినుంచి ఒక ప్రమాదం ఉంది. బయటివారు ఆ ప్రాంతాన్ని ఒకే బొమ్మగా చూడడానికి ఇష్టపడతారు. 19వ శతాబ్దం చివర స్కాట్లాండ్ పల్లెల గురించి తియ్యటి, కన్నీటి కథలు చాలా వచ్చాయి. వాటిని 'కెయిల్‌యార్డ్' ధోరణి అన్నారు. పెరటి కూరపాది అని ఆ మాటకు అర్థం. లండన్ పాఠకులకు అవి బాగా నచ్చాయి. 1901లో జార్జ్ డగ్లస్ బ్రౌన్ ఆ తీపిని బద్దలుకొడుతూ అదే పల్లెల్లోని అసూయను, కాఠిన్యాన్ని నవలగా రాశాడు.

రాయలసీమకు సినిమా అంటగట్టిన బొమ్మ కత్తులు, బాంబులు, ఎగిరే సుమోలు. సీమ రచయితలు ముఠా తగాదాలను దాచలేదు. కాని వాటిని వీరగాథలుగా రాయలేదు. చచ్చేది ఎవరు, విధవరాలయ్యేది ఎవరు, భూమి ఎవరి చేతికి పోతోంది అని అడిగారు. కరువు కూడా అలాంటి బొమ్మే అయ్యే ప్రమాదముంది. ప్రతి కథలో ఎండిన బావి, కన్నీటి రైతు మాత్రమే ఉంటే అదీ ఒక మూసే అవుతుంది. సీమలో నవ్వు ఉంది, సరసం ఉంది, జాతర ఉంది, బెంగళూరు బస్సెక్కే కుర్రకారు ఉంది. రేపటి రచయితలు పట్టుకోవలసిన వస్తువు అక్కడ చాలా మిగిలి ఉంది.

7.9 రచయితల సమాజం

మూడో లక్షణమైన సమాజం విషయంలో రెండు ప్రాంతాల మధ్య దూరం ఎక్కువ. ఎడింబరోలో 1984 నుంచి కవిత్వానికే ప్రత్యేకమైన గ్రంథాలయం ఉంది. 2004లో యునెస్కో ఆ నగరాన్ని తొలి సాహిత్య నగరంగా గుర్తించింది. అదే ఏడాది ఎడ్విన్ మోర్గన్‌ను దేశ కవిగా నియమించి, పాతకాలపు 'మాకర్' అనే బిరుదుతో గౌరవించారు. మాకర్ అంటే స్కాట్స్‌లో కవి. ఆ పదవి తరవాత లిజ్ లాక్‌హెడ్, జాకీ కే, కాథ్లీన్ జేమీ వంటి వారికి వచ్చింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్కాట్లాండ్ సాహిత్యానికి ప్రత్యేక శాఖ ఉంది.

అనంతపురంలో ఈ పనిలో ఎక్కువ భాగం మనుషులే చేస్తున్నారు. ఉపాధ్యాయులు జీతంలోంచి మిగిల్చి పుస్తకాలు వేసుకుంటారు. రాధేయ సొంతంగా మొదలుపెట్టిన ఉమ్మడిశెట్టి సాహితీ అవార్డు ఏటా ఒక కవితా సంపుటికి ఇస్తున్నారు. రాయదుర్గంలో పుట్టిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి, బ్రౌన్ ఒకప్పుడు నివసించిన కడపలో ఊరూరా చందాలు పోగుచేసి ఆయన పేర గ్రంథాలయం నిలబెట్టారు. నేటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం దానినుంచి ఎదిగినదే. పెద్ద సంస్థలు లేనిచోట ఒక్కొక్క మనిషి ఒక్కొక్క సంస్థగా పనిచేయవలసి వస్తుంది. ఇది గౌరవించవలసిన విషయమే గాని, దీనిలో బలహీనత కూడా ఉంది. ఆ మనిషి పోతే ఆ పనీ ఆగిపోవచ్చు. అందుకే ఈ రచనలు పాఠ్యాంశాలుగా మారడం, వాటిమీద మీవంటి విద్యార్థులు వ్యాసాలు రాయడం అవసరం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
(అ) 'చేస్తాండాడు' అనే రూపం ఎలా ఏర్పడింది?
(ఆ) 'ఒకే బొమ్మ' వల్ల ప్రాంతీయ సాహిత్యానికి కలిగే నష్టం ఏమిటి?

7.10 సారాంశం

ప్రాంతీయ సాహిత్యం అంటే పెద్ద సాహిత్యంలో ఒక చిన్న ముక్క కాదు. ఒక ప్రాంతం తన పేరు తాను పెట్టుకొని, తన మాటతో, తన పాఠకుల ముందు నిలబడడం. అనంతపురం సీమలో వేమన పద్యం ఆ మాటకు పునాది. 1928లో వచ్చిన 'రాయలసీమ' అనే పేరు దానికి గుర్తింపునిచ్చింది. 'పెనుగొండ లక్ష్మి' పోయిన వైభవాన్ని, 'పెన్నేటి పాట' ఎదురుగా ఉన్న ఆకలిని చెప్పాయి. సింగమనేని కథలు రైతు లెక్కను చెప్పాయి. 'శప్తభూమి' చరిత్రను కింది నుంచి చూసింది. స్కాట్లాండ్‌లో బర్న్స్, స్కాట్, మక్‌డెర్మిడ్, గిబ్బన్, కెల్మన్‌ల వరసలో ఇలాంటి మెట్లే కనిపిస్తాయి. అక్కడ సంస్థల బలం ఉంది. ఇక్కడ ఆ బలం ఇంకా కూడగట్టుకోవలసి ఉంది.

7.11 ముఖ్య పదాలు

కైఫీయతు: ఒక ఊరి చరిత్ర, హక్కులు, గుళ్ళు, చెరువుల వివరాలు నమోదు చేసిన పత్రం.
నుడికారం: ఒక భాషకు, ప్రాంతానికి సహజమైన మాట తీరు.
ప్రమాణభాష: చదువు, పత్రికలు, పాలనలో అందరికీ ఉమ్మడిగా వాడే భాషారూపం.
మాండలికం: ఒక ప్రాంతంలో లేదా వర్గంలో వాడే భాషారూపం.
ఊడ: వేరుశనగ పూతనుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడ.
కవిసమయం: కవులు సంప్రదాయంగా వాడే కల్పన.

7.12 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. ప్రాంతీయ సాహిత్య లక్షణాలను అనంతపురం సీమ రచనల ఆధారంగా వివరించండి.
2. అనంతపురం సీమ, స్కాట్లాండ్ సాహిత్యాల పోలికలను, తేడాలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. 'జూదం' అనే పేరులోని అర్థాన్ని వేరుశనగ సాగుతో అన్వయించి రాయండి.
2. ప్రమాణభాష 'చరిత్ర చేసిన ఎంపిక' అనడంలో ఆంతర్యం ఏమిటి?
3. సీమ కథకు సింగమనేని నారాయణ చేసిన సేవను తెలపండి.

III. కృత్యం
మీ ఇంట్లో పెద్దవారిని అడిగి వాన, నేల, పంట, తిండి, కూలి పనులకు సంబంధించిన ఇరవై మాటలు సేకరించండి. ప్రతి మాటకూ వారు చెప్పిన అర్థాన్ని, వారు వాడిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా రాయండి. వాక్యాన్ని పుస్తకాల భాషలోకి దిద్దవద్దు. వాటిలో ప్రమాణభాషలో సరిసమానమైన మాట దొరకనివి ఎన్నో లెక్కపెట్టి, మీ తరవాతి సంపర్క తరగతికి తీసుకురండి.